తీగ పీకితే మర్చిపోయే దీపాలు

నా రొయ్యపిల్లా,

అమ్మ దీవెనలు. నువ్వు, నాన్న, నాయనమ్మ ఒంట్లో బాగుండి ఉంటారని తలుస్తాను. నాన్న భుజం నొప్పి తగ్గిందా? వల లాగేటప్పుడు ఎడమ చెయ్యి ముందుకు వెయ్యొద్దని చెప్పు. వినడు, అయినా చెప్పు. నాయనమ్మ కంట్లో చుక్కలు నువ్వే వెయ్యి. తను వేసుకుంటే సగం చెంప మీదే పోతాయి. పిల్లి ఈనిందని నాన్న చెప్పాడు. పిల్లల్ని వలల గదిలోకి రానివ్వకు, దారాల్లో కాళ్ళు చిక్కుకుంటాయి.

నేను బాగానే ఉన్నాను. నా గురించి బెంగ పెట్టుకోవద్దు. గుడ్లవల్లేరులో ఇప్పుడు చలి మొదలైంది. చుట్టూ కోతలు కోస్తున్నారు, గాలి నిండా గడ్డి దుమ్ము. మన గాలిలో ఉండే ఉప్పు ఇక్కడ లేదు. సముద్రం మోత లేక మొదట్లో నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు పక్కన రైస్ మిల్లు మోతకి అలవాటు పడ్డాను. ఈ హాస్టల్లో ఉండేది అందరూ ఇంజినీరింగు చదివే ఆడపిల్లలు. పొద్దున టిఫిను, మధ్యాహ్నం క్యారేజీలు, రాత్రి భోజనం. చేపలు వండరు. ఓనరు సుజాతగారు మంచావిడ. నాకేమీ లోటు లేదు. నిజంగానే లేదు.

ఫోను ఉండగా ఉత్తరం ఏమిటని నువ్వు నవ్వుతావు. ఫోనులోనే చెబుదామని చాలాసార్లు తీసి మళ్ళీ పెట్టేశాను. నాన్న స్పీకర్లో పెడతాడు, నాయనమ్మ మంచం మీద నుంచి వింటుంది, గుమ్మంలో వాళ్ళూ వీళ్ళూ కూర్చుంటారు. పోయినసారి అలా అందరూ వినబట్టే ఈ ఉత్తరం రాయాల్సి వచ్చింది. అయిదో తరగతితో ఆగిపోయిన చేతిరాత, ఒత్తులు తప్పితే సర్దుకుని చదువు. ముందు నువ్వొక్కదానివే చదువుకో. తర్వాత నాన్నకీ నాయనమ్మకీ చదివి వినిపించు. ఆ తర్వాత బోరింగు దగ్గర మనవాళ్ళందరికీ చెప్పు.

ప్రశాంతి అనే పిల్ల మీ అన్నయ్య నాగబాబు బోర్డును పాడు చేస్తోందని నేను ఫోనులో ఏడ్చాను గదా. ఆ మాట నిజం కాదు. పాడు చేసింది నేను. ఈ వచ్చే ఆదివారం ఆ పిల్ల మన ఊరు వస్తోంది. తను మన గుమ్మం తొక్కేలోగా ఈ సంగతి మన ఇంట్లోనూ వీధిలోనూ తెలియాలి. లేకపోతే నేను వేసిన మచ్చతోనే ఆ పిల్ల మన ఇంట్లో అడుగు పెడుతుంది. అది నేను భరించలేను.

నీకు తెలిసిన ముక్కలు కూడా మొదటినుంచీ రాస్తాను. అందరికీ చదివేటప్పుడు కలిసొస్తుంది.

అన్నయ్య ఆ బోర్డు ఎందుకు కొనుక్కున్నాడో నీకు తెలుసు. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుకమేట ఏటా చోటు మారుతుంది. తెల్లవారకముందు పడవలు మంచులో తిరిగొస్తుంటే ఒడ్డు పొడుగునా లైట్లే, రొయ్యల చెరువులవి, బడ్డీలవి. ఏది మన మొగో తెలియడం లేదని నాన్న విసుక్కుంటే మన నాగబాబు ఏమన్నాడు? "మన దీపం నిలబడి ఉండదు నాన్నా, పరిగెడుతుంది. అది ఎటు పరిగెడితే అటు రండి" అన్నాడు. వరసగా చిన్న దీపాలున్న ఆ పట్టీని నడిపించడానికే ఈ అగ్గిపెట్టెంత కంప్యూటరు బోర్డు. ప్రోగ్రాము రాశాడు గానీ గుంజ పాతకముందే కామెర్లు వాణ్ణి తీసుకుపోయాయి. పోయిన నెల మంచులో నాన్న పడవ మేట ఎక్కిందని విన్నప్పటినుంచీ నా ప్రాణం నిలవడం లేదు. ఆ దీపాలు వాడి జ్ఞాపకం అని మాత్రమే కాదు, నాన్న ఇంటికి రావాలి.

నేను ఇక్కడికి వచ్చేసినందుకు నాయనమ్మకి ఇప్పటికీ కోపమే. ఒడ్డున చేపలు ఎండబెడుతుంటే వాడు వెనకనుంచి పిలిచినట్టుండేది. తిరిగి చూస్తే ఇసుక. అక్కడ ఉండలేకపోయాను. ఈ హాస్టల్లో వంట పని చూసిపెట్టింది కూడా ప్రశాంతే. పెద్దకర్మ రోజు కాలేజీ పిల్లలు వ్యానులో వచ్చారు గదా. అందులో పందిరి గుంజ పట్టుకుని నిలబడి, విస్తరి ముందు కూర్చోకుండా వెళ్ళిపోయిన పొడుగు జడ పిల్ల గుర్తుందా, తనే. అన్నయ్యతో కలిసి చదువుకుంది, ఈ హాస్టల్లోనే ఉంటుంది. గుడివాడ దగ్గర పల్లెటూరు, వాళ్ళ నాన్నగారు వరి పండిస్తారు.

ఒకరోజు సాయంత్రం నేను ములక్కాడలు తరుగుతుంటే వచ్చి పక్కన కూర్చుంది.

"పిన్నీ, నాగబాబు దీపాలు వెలిగిద్దామా" అంది.

మిగతా పిల్లలందరికీ నేను ఆంటీని. తనొక్కతే పిన్నీ అంటుంది. అన్నయ్య ప్రోగ్రాము రాస్తూ రాస్తూ తనకి ఫోనులో పంపి, తప్పులుంటే తిట్టమనేవాడట. అది తన దగ్గర భద్రంగా ఉంది. బోర్డూ పట్టీ నా పెట్టెలో ఉన్నాయి. వెళ్ళి తెచ్చాను. బియ్యం డ్రమ్ము మీద లాప్‌టాప్ పెట్టి బోర్డుకి తీగ తగిలించింది. నాకేమీ తెలియదని చులకన చెయ్యకుండా ఒక్కొక్కటీ చెప్పింది.

"ఈ బోర్డుకి జావాస్క్రిప్ట్ అనే భాష వచ్చు పిన్నీ. మనం చెప్పిన ఒక్కో మాటా చదువుకుని, అర్థం చేసుకుని, అప్పుడు చేస్తుంది. మామూలు పనులకి అది చాలు. కానీ ఈ దీపాలకి కబురు రెప్పపాటు కంటే వేగంగా అందాలి. కాస్త నిదానించినా రంగులన్నీ కలగాపులగం. అందుకని ఆ ఒక్క ముక్కా అసెంబ్లర్లో రాశాడు. అది చిప్పు సొంత భాష. చదువుకోవడాలు, ఆలోచించుకోవడాలు ఉండవు. అందగానే చేసేస్తుంది."

నాకు ఒడ్డు నుంచి వల లాగడం గుర్తొచ్చింది. ఆపండ్రా అని అరిస్తే గాలికి సగం మాట పోతుంది. అదే తాడు రెండుసార్లు గుంజితే అవతలి కొసవాళ్ళు టక్కున ఆగిపోతారు. అదే చెప్పాను.

"అంతే పిన్నీ. జావాస్క్రిప్ట్ అంటే కేక, అసెంబ్లర్ అంటే తాడు. ఈ మాట మా సారుకి తెలిస్తే పరీక్షలో అడుగుతారు" అని నవ్వింది.

తర్వాత ఏదో నొక్కింది. అన్నయ్య రాసిన మాటల్ని లాప్‌టాప్ చిప్పుకి తెలిసిన అంకెలుగా మార్చి తీగలోంచి బోర్డులోకి పంపించిందట. పట్టీలో మొదటి దీపం వెలిగింది. అది ఆరుతూ పక్కదాన్ని వెలిగించింది. అది ఆ పక్కదాన్ని. నీలంగా, ఒకదాని వెనక ఒకటి పరిగెత్తాయి. నేను ములక్కాడ చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాను. పప్పు అడుగంటింది. ఆ రాత్రి మాడు సాంబారు పోసినా ఏ పిల్లా నన్నొక మాట అనలేదు.

వెంటనే ఊరికి పంపించెయ్యమన్నాను.

"తొందరపడకూడదు పిన్నీ. ముందు రాత్రంతా ఆగకుండా నడిచి చూపించాలి. అసెంబ్లర్ ముక్కలో చిన్న తప్పున్నా బోర్డు బిగుసుకుపోతుంది. మీ ఊళ్ళో గుంజెక్కాక బిగుసుకుపోతే ఎవరు బాగుచేస్తారు? పొద్దుటిదాకా నడిస్తే అప్పుడు దాని కడుపులో శాశ్వతంగా పెట్టేద్దాం" అంది.

అయితే రాత్రికి నా గదిలోనే ఉంచమని అడిగాను. సరేనంది. తీగ పీకొద్దని తను చెప్పలేదు. పీకుతానని తను ఎందుకనుకుంటుంది?

ఇక్కడినుంచి రాయడానికి చెయ్యి ఆడడం లేదు.

మన ఇళ్ళల్లో పోయినవాళ్ళకి ఇష్టమైన వస్తువు ఏడాది తిరిగేదాకా సంధ్యదీపం దగ్గర పెడతాం గదా. తాతయ్యకి చుట్టల డబ్బా పెట్టాం. అన్నయ్యకి నేను ఇక్కడ ఈ బోర్డే పెడుతున్నాను. ప్రశాంతి కాలేజీ నుంచి వచ్చి ప్రోగ్రాము ఎక్కించి, నా గదిలో నడవనిచ్చి వెళ్ళేది. కాసేపటికి దీపం వేళయ్యేది. పోయినవాళ్ళ ఒంటి మీద ముడి ఉండకూడదని మొలతాడు కూడా తెంపేస్తాం. అలాంటిది తీగతో కట్టేసి ఉన్నదాన్ని వాడి ఫోటో ముందు ఎలా పెట్టను? తీగ పీకి, బోర్డు కళ్ళకద్దుకుని, దీపం దగ్గర పెట్టి, దీపం కొండెక్కాక మళ్ళీ తీగ తగిలించేదాన్ని.

తగిలించాక పట్టీలో దీపాలు పరిగెత్తేవి కావు. బోర్డు మీద చిన్న ఎర్ర చుక్క మాత్రం వెలిగేది. ప్రోగ్రాము ఆగిపోయిందనుకున్నాను గానీ అది నా చేతి పనే అని నాకు తట్టనే లేదు. బల్బు పీకి పెడితే వెలగదా? కరెంటు పోయి వస్తే ఫ్రిజ్ తన పని మర్చిపోతుందా?

ప్రశాంతి పొద్దున్నే వచ్చి చూసి మొహం చిన్నబుచ్చుకునేది.

"రాత్రి ఏమన్నా కదిపారా పిన్నీ" అని అడిగింది.

"నేను ముట్టుకోలేదు" అన్నాను.

ఎందుకలా అన్నానంటే సిగ్గేసింది, రొయ్యపిల్లా. చదువుకున్న పిల్లలు, తీగల ముక్కని దేవుడి ప్రసాదంలా కళ్ళకద్దుకుంటుందని నవ్వుకుంటారేమోనని. ఆ ఒక్క మాటతో ఆ పిల్లని ఎంత తిప్పలు పెట్టానో. రోజూ సాయంత్రం ఎక్కించడం, పొద్దున్నే చచ్చి పడుండటం. పరీక్షలకి చదువుకోవాల్సిన పిల్ల దీని ముందు కూర్చుంది. చివరికి ఒకరోజు తల పట్టుకుని, "నాగబాబు రాసిన ముక్కలోనే ఏదో తప్పుందేమో పిన్నీ. చిప్పు అందులోకి వెళ్తోంది గానీ తిరిగి రావడం లేదు. వచ్చిన దారి గుర్తు చెరిగిపోతోందేమో" అంది.

తను చిప్పు గురించే అంది. నాకు మాత్రం, వెళ్ళినవాడు తిరిగి రావడం లేదన్న మాట గుండెల్లో గుచ్చుకుంది. వాడు తప్పు రాశాడన్న మాట ఇంకా గుచ్చుకుంది. ఆ సాయంత్రమే మీకు ఫోను చేసి ఏడ్చాను. ప్రశాంతి వాడి రాతని చెరిపేస్తోందని చెప్పాను. నాయనమ్మ ఆ పిల్లకి శాపాలు పెట్టింది, నేను వద్దనలేదు. నువ్వు, "దాన్ని ముట్టుకోనివ్వకే అమ్మా" అన్నావు. ఆ మాటకి నాకు ధైర్యం వచ్చింది. తప్పు నీది కాదు, నిన్ను తప్పుదోవ పట్టించింది నేను.

మర్నాడు పొద్దున్న ఇడ్లీలు వడ్డిస్తున్నాను. పిల్లలందరూ కంచాలు పట్టుకుని వరసలో ఉన్నారు. ప్రశాంతి వంతు వచ్చింది. మెల్లగా అంది, "పిన్నీ, నిన్న వాడి లైన్లు రెండు మార్చి చూశాను. రాత్రి ఆగకుండా నడిచిందా?"

"నువ్వు చెయ్యి పెట్టాక నడుస్తుందా?" అన్నాను.

"అది కాదు పిన్నీ..."

"ఎవరినడిగి మార్చావు? వాడు లేడు, అడిగేవాడు లేడని వాడి రాతకి వంకలు పెడతావా? అసలు నువ్వు వాడికి ఏమవుతావని వాడి వస్తువు మీద చెయ్యి వేస్తున్నావు?"

సముద్రపు హోరులో పడవ మీదివాళ్ళకి వినపడేలా మాట్లాడే గొంతు మనది. నాలుగు గోడల మధ్య అది ఎంత పెద్దదో నాకప్పుడు తెలిసింది. పెళ్ళి కావాల్సిన ఆడపిల్లని, అంతమందిలో, పోయిన మగపిల్లాడికి ఏమవుతావని అడిగాను. ఇంతకంటే చెడ్డ మాట నేను వెతికినా దొరకదు.

ఆ పిల్ల కళ్ళెత్తి చూసింది. "ఏమీ అవను పిన్నీ" అంది. ఇడ్లీలున్న కంచం గట్టు మీద పెట్టి వెళ్ళిపోయింది. కాసేపటికి వెనకనున్న ఎవరో పిల్ల, "ఆంటీ, చట్నీ" అంది. వేశాను. సగం గిన్నె బయట పడింది.

ఆ తర్వాత ప్రశాంతి భోజనానికి రావడం మానేసింది. వరసలో కనబడకపోతే మొదట పొగరనుకున్నాను. నీకు దాచడమెందుకు, అలాగే అనుకున్నాను. సుజాతగారు వంటింట్లోకి వచ్చి, "ఆ పిల్ల బ్రెడ్డు ముక్కలు తిని ఉంటోంది నాంచారమ్మా. నువ్వొచ్చిన కొత్తలో ముద్ద మింగడం లేదని రోజూ నీ పక్కన కూర్చుని తిన్నది ఆ పిల్లే. గుర్తుందా" అని మాత్రం అని వెళ్ళిపోయారు. గుర్తుంది. అయినా నా మనసు మెత్తబడలేదు. నా బిడ్డ రాత మార్చింది అనే పట్టుకుని కూర్చున్నాను.

తర్వాత ఒక సాయంత్రం తనే వచ్చింది. గుమ్మం దాటలేదు. చేతిలో లాప్‌టాప్ ఉంది.

"నేను మార్చినవన్నీ తీసేశాను పిన్నీ. నాగబాబు ఎలా రాశాడో అక్షరం పొల్లు పోకుండా మళ్ళీ అలాగే పెడతాను. ఎక్కించి ఇచ్చేసి వెళ్తాను. ఇక మీ వస్తువు ముట్టుకోను" అంది.

నేను పక్కకి జరిగాను. లోపలికి వచ్చి ఎక్కించింది. దీపాలు పరిగెత్తాయి. లాప్‌టాప్ తీసేశాక కూడా బోర్డుకి కరెంటు ఆగకుండా ఏదో పెట్టె మధ్యలో తగిలించి ఛార్జరుకి పెట్టింది. తన సామాను సర్దుకుంటోంది. ఈలోగా దీపం వేళయింది. నేను కాళ్ళు కడుక్కొచ్చి, వత్తి వేసి, నూనె పోసి, దీపం వెలిగించాను. ఎప్పటిలాగే బోర్డు దగ్గరికి వెళ్ళి తీగ పీకి కళ్ళకద్దుకున్నాను. పట్టీ మొత్తం ఆరిపోయింది.

తిరిగి చూస్తే ఆ పిల్ల లాప్‌టాప్ గుండెకి అదుముకుని నిలబడి ఉంది.

"రోజూ ఇలాగే చేస్తారా పిన్నీ?"

"దీపం దగ్గర పెట్టాలి గదా. తీగ ఉండకూడదు."

అంతే, నా గది మూలనున్న ఉల్లిపాయల బస్తా మీద కూలబడింది. ముందు నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు కోపం వచ్చేలోపే ఏడుపు మొదలుపెట్టింది. రెండూ అయ్యాక మొహం తుడుచుకుని చెప్పింది.

"మనం ఎక్కించింది దానికి తాత్కాలికంగానే గుర్తుంటుంది పిన్నీ. కరెంటు ఉన్నంతసేపే. తీగ పీకితే అంతా మర్చిపోతుంది. సేవ్ అని చెబితేనే రాసిపెట్టుకుంటుంది. తప్పున్న ముక్కని సేవ్ చేస్తే లేచిన ప్రతిసారీ అందులోనే చిక్కుకుపోతుందని, ముందు నడిపి చూద్దామని ఆగాను."

"అయితే నాగబాబు తప్పు రాయలేదా?"

"లేదు పిన్నీ. చివర తిరిగి రమ్మనే లైను కూడా శుభ్రంగా రాశాడు. అనుమానపడింది నేనే. వాడు ఉంటే నన్ను బాగా ఏడిపించేవాడు."

నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. వాడి రాతని రోజూ చెరిపింది నేను. అది కూడా వాడి ఫోటో ముందు, కళ్ళకద్దుకుని మరీ. చెరిపి, ముట్టుకోలేదని చెప్పి, ఆ నింద తీసుకెళ్ళి ఆ పిల్ల నెత్తిన వేశాను. "మరి ముట్టుకోలేదని ఎందుకన్నారు పిన్నీ" అని తను ఒక్కసారి కూడా అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

ఆ పూట ఆ పిల్ల కాళ్ళ దగ్గర కూర్చుని తప్పయిందన్నాను. కంగారుపడి లేపింది. కానీ పదిమందిలో అన్న మాటకి గదిలో చెప్పే క్షమాపణ సరిపోదు గదా. మర్నాడు ఉప్మా వడ్డించేముందు గరిటె పక్కన పెట్టి చెప్పాను. "అమ్మాయిలూ, ఆ రోజు ప్రశాంతిని నేనన్న మాట తప్పు. బోర్డు పాడు చేసింది నేనే. అది చాలక అబద్ధం కూడా చెప్పాను. ఏమవుతావని అడిగాను. ఆ మాట అడగడానికి నాకు హక్కు లేదు." వరసలోంచి ఒక అల్లరి పిల్ల, "ఆంటీ, క్షమాపణ రోజున ఉప్మా పెడతారా? పూరీ చెయ్యాలి గదా" అంది. అందరూ నవ్వారు. ప్రశాంతి కూడా నవ్వి కంచం పట్టింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇప్పటికీ తన కంచంలో వడ్డించేటప్పుడు మొహంలోకి చూడలేకపోతున్నాను.

ఆ సాయంత్రం మళ్ళీ ఎక్కించింది. "తీగ మాత్రం ముట్టుకోకండి. బోర్డును దీపం దగ్గరికి తీసుకెళ్ళకుండా దీపాన్నే దాని దగ్గరికి తీసుకురండి" అంది. ఇన్ని రోజులూ నాకు తట్టని ఉపాయం. ప్రమిద తెచ్చి బోర్డు పక్కన పెట్టాను, వాడి ఫోటో కూడా అక్కడికే తెచ్చాను. ముడి సంగతి మనసులో మెదిలింది. ఇది వాణ్ణి కట్టేసిన ముడి కాదు, పడవని గుంజకి కట్టిన తాడు లాంటిదని సర్ది చెప్పుకున్నాను. నాయనమ్మ ఏమంటుందో అడిగి నాకు చెప్పు.

తెల్లవారి లేచి చూస్తే దీపాలు పరిగెడుతూనే ఉన్నాయి. ప్రశాంతి పళ్ళు తోముకోకుండానే పరిగెత్తుకొచ్చింది. లాప్‌టాప్ తగిలించి నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "మీరే సేవ్ చెయ్యండి పిన్నీ" అంది. ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే వేలితో చూపిస్తుంటే నేను నొక్కాను. తర్వాత ఎదురెదురుగా రెండు నెలవంకలు. తర్వాత పెద్ద మీట. బోర్డు ఒక్క క్షణం ఆలోచించింది.

"ఇప్పుడు తీగ పీకండి" అంది.

పీకలేకపోయాను. చెయ్యి అక్కడిదాకా వెళ్ళి ఆగిపోయింది. "పీకండి పిన్నీ, నేనున్నాను" అంది. కళ్ళు మూసుకుని పీకాను. చీకటైపోయింది పట్టీ. మళ్ళీ తగిలించాను. మొదటి దీపం వెలిగింది. దాని పక్కది వెలిగింది. ఎవరూ చెప్పకుండానే, లాప్‌టాప్ లేకుండానే, వాడు రాసినట్టే పరిగెత్తాయి.

అందుకని ఇప్పుడు నువ్వు చెయ్యాల్సినవి రాస్తున్నాను. ఆదివారం ప్రశాంతీ వాళ్ళ నాన్నగారూ బోర్డు, పట్టీ తీసుకుని వస్తారు. పామర్రులో బస్సు మారి అవనిగడ్డ, అక్కడినుంచి కోడూరు వస్తారు. నాన్నని కోడూరు దాకా ఎదురెళ్ళమను. నాకు రావాలనే ఉంది, కానీ ఇక్కడ రెండో వంటమనిషి కూతురి పురుడికి వెళ్ళింది, పిల్లల్ని పస్తు పెట్టి రాలేను. మొగ దగ్గర గుంజ పాతడానికి పాత తెరచాప కొయ్య పనికొస్తుందేమో నాన్నని చూడమను. నీళ్ళు తగలకుండా బోర్డుని పెట్టే డబ్బా తనే తెస్తోంది. దీపం వెలిగాక తీగ ఎవరూ పీకొద్దు. పీకినా ఇప్పుడు మర్చిపోదు, అయినా పీకొద్దు.

నాయనమ్మకి నా మాటగా చెప్పు. పెట్టిన శాపం వెనక్కి తీసుకునే పద్ధతి ఏదో ఆవిడకే తెలుసు, అది చెయ్యమను. బోరింగు దగ్గర ఎవరైనా గుసగుసలాడితే ఈ ఉత్తరం అక్కడే చదువు. మా అమ్మ తప్పు చేసిందని గట్టిగా చెప్పు, నాకు సిగ్గు లేదు. అంటే ఉంది, కానీ దాచుకోవాలని లేదు. ఆ పిల్లని ఏమవుతావని నేను అడిగాను, ఏమీ అవనంది. నువ్వు మాత్రం తనని అక్కా అని పిలువు. గుమ్మంలోనే పిలువు, అందరికీ వినబడేలా.

మెత్తళ్ళ చేపల పులుసు చెయ్యి. మా అమ్మ పులుసంటూ అన్నయ్య కాలేజీలో చాలా గొప్పలు పోయాడట, తను ఎప్పుడూ రుచి చూడలేదు. పెద్దకర్మ రోజు తినకుండా వెళ్ళిపోయిన పిల్ల, ఈసారి తినకుండా పంపకు. చింతపండు కాస్త తగ్గించు, వాళ్ళకి మనంత పులుపు అలవాటుండదు.

ఈ ఉత్తరం అందగానే ఒక మిస్డ్ కాల్ ఇవ్వు. అప్పటిదాకా నాకు కుదురుండదు. నాయనమ్మ పాదాలకి నా దండం. నాన్నని మంచు ఎక్కువగా ఉన్న రోజు వేటకి వెళ్ళొద్దను. పక్కింటి వాళ్ళనీ, మావయ్య వాళ్ళనీ అడిగానని చెప్పు. ఇది ఎవరి చేతా రాయించకుండా నా చేత్తో నేనే రాసుకున్నాను.

మీ అమ్మ,
నాంచారమ్మ

అన్నయ్య పోయినప్పటినుంచీ నువ్వు చేపల కూర ముట్టడం లేదని, రాత్రుళ్ళు అన్నం సగంలో లేచిపోతున్నావని నాన్న చెప్పాడు. ఆదివారం అక్క పక్కన కూర్చుని నువ్వు కూడా కడుపు నిండా తిను.